విదూషకుడు లేని దర్బారు

రాత్రి తొమ్మిది గంటలకు ఢిల్లీలో ఏ మధ్యతరగతి కాలనీలో నడిచినా కిటికీలలోనుంచి కేకలు వినిపిస్తాయి. ఊరికి కొత్తవారైతే ఇంటింటా దాయాదుల తగవు జరుగుతున్నదేమోనని భ్రమపడవచ్చు. అవి టెలివిజన్ వార్తాచర్చలు. ఒక్కొక్క తెరమీద ఎనిమిదేసిమంది చిన్న చిన్న చట్రాలలో ఒదిగి కూర్చుని ఒకేసారి మాట్లాడతారు. ప్రశ్న అడిగినవాడే జవాబు కూడా చెబుతాడు. మా పొరుగున ఉండే ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు మొన్న అదే వేళకు గేటు దగ్గర నిలబడి, “ఇది చూసేవాడికి వేరే హాస్య కార్యక్రమం ఎందుకండీ?” అన్నారు.

ఆ మాటలో చమత్కారం కంటె విచారమే ఎక్కువ. వార్తలు చెప్పవలసినవారు నవ్విస్తున్నారు. నవ్వించవలసినవారు పోలీసు ఠాణాల చుట్టూ, న్యాయస్థానాల చుట్టూ తిరుగుతున్నారు. ఆనాటి వార్తలను ఆ రాత్రికే వ్యంగ్యపు గీటురాయిమీద గీసి చూపే కార్యక్రమాలు అనేక దేశాల టెలివిజన్‌లో ఒక సంప్రదాయంగా స్థిరపడ్డాయి. వందలకొద్దీ వార్తా ఛానెళ్లున్న మన దేశంలోనో, అధికారంలో ఉన్నవారిని పేరుపెట్టి, వారి మాటలనే సాక్ష్యంగా నిలిపి నవ్వించే కార్యక్రమం కోసం వెతుక్కోవలసి వస్తున్నది. ఇది వినోదరంగంలోని చిన్న లోటుగా కొట్టివేయదగిన విషయం కాదని నా అభిప్రాయం. వార్తావ్యవస్థ ఆరోగ్యాన్ని తెలిపే నాడి ఇక్కడే దొరుకుతుంది.

అమెరికా నేర్పిన పాఠం

ఈ వ్యంగ్య వార్తా ప్రసారాలకు పుట్టిల్లు బ్రిటన్ అనుకోవచ్చు. 1962 నవంబరులో బి.బి.సి. ‘దట్ వజ్ ది వీక్ దట్ వజ్’ అనే కార్యక్రమాన్ని శనివారం రాత్రి పొద్దుపోయాక ప్రసారం చేయడం ప్రారంభించింది. డేవిడ్ ఫ్రాస్ట్ అనే యువకుడు దానిని నడిపాడు. వారమంతా మంత్రులు గంభీరంగా పలికిన మాటలు ఆ రాత్రికి నవ్వులపాలయ్యేవి. 1963 డిసెంబరుతో అది ఆగిపోయింది. మరుసటి ఏడు ఎన్నికలు రానున్నాయన్నది బి.బి.సి. చెప్పిన కారణం. ఎన్నికలు వస్తున్నప్పుడే కదా ప్రజలకు ఇటువంటి కార్యక్రమం కావలసింది! నవ్వును ఆపడానికి పాలకులు ఆజ్ఞ ఇవ్వనక్కరలేదనీ, సంస్థలు తమంతట తామే ఊహించుకొని ఆపివేస్తాయనీ ఆనాడే రుజువైంది.

అమెరికాలో ఈ ప్రక్రియ పూర్తిగా ఎదిగింది. ‘ది డైలీ షో’ను 1999నుంచి 2015వరకు నడిపిన జాన్ స్టీవర్ట్ పద్ధతి చాలా సరళమైనది. నాయకుడు ఈరోజు చెప్పిన మాటను చూపిస్తాడు. అదే నాయకుడు మూడేళ్ల క్రితం దానికి సరిగ్గా విరుద్ధంగా చెప్పిన మాటను వెంటనే చూపిస్తాడు. ఆ తరువాత ఏమీ అనకుండా ప్రేక్షకుల వంక చూస్తాడు. అంతే. ఈ పనికి పాత దృశ్యాల భాండాగారం కావాలి, వెతికే ఓపిక కావాలి, జ్ఞాపకశక్తి కావాలి. నిజానికి ఇవన్నీ పాత్రికేయుని పనిముట్లు. పాత్రికేయులు వాటిని అటకమీద పెట్టారు గనుకనే హాస్యగాడు దించుకున్నాడు.

అర్ధరాత్రికి దగ్గరగా ఈ కార్యక్రమాలు రావడంలోనూ ఒక అర్థమున్నది. ఆ వేళకు ప్రేక్షకునికి ఆనాటి వార్త తెలిసి ఉంటుంది. వార్త తెలియనివానికి వ్యంగ్యం అందదు. అందువల్ల వ్యంగ్యం వార్తకు ప్రత్యామ్నాయం కాదు, వార్తకు పరీక్ష. ఆనాడు విన్నదానిలో తాలెంత, గింజెంత అని చెరిగి చూపే చేట అది.

అటువంటి అమెరికాలో 2025లో జరిగిన రెండు సంఘటనలను ఢిల్లీలోని మా వృత్తివారు ఆసక్తితో గమనించారు. అధ్యక్షుడు ట్రంప్ వేసిన ఒక దావాను సి.బి.ఎస్. యాజమాన్య సంస్థ పారామౌంట్ ఆ ఏడు జూలైలో కోటి అరవై లక్షల డాలర్లు చెల్లించి పరిష్కరించుకున్నది. ఆ సంస్థ చేతులు మారడానికి ప్రభుత్వ అనుమతి కావలసి ఉన్న సమయమది. అదే సంస్థ తెరమీద కార్యక్రమం నడిపే స్టీఫెన్ కోల్బర్ట్ ఆ చెల్లింపు లంచమేనని ప్రేక్షకుల ఎదుట అన్నాడు. మూడు రోజులు గడిచేసరికి, జూలై 17న, ఆయన కార్యక్రమాన్ని 2026 మేలో ముగించనున్నట్లు సి.బి.ఎస్. ప్రకటించింది. ఇది కేవలం ఆర్థిక నిర్ణయమని చెప్పింది. జూలై 24న సంస్థ చేతులు మారడానికి ప్రభుత్వ కమిషన్ అనుమతి లభించింది. రాత్రి ప్రసారాలకు ప్రకటనల రాబడి తగ్గుతున్న మాట నిజమే. కాని ఈ మూడు తేదీలను వరుసగా చదివినవారికి లెక్కల పుస్తకం ఒక్కటే గుర్తుకు రాదు.

రెండవది జిమ్మీ కిమ్మెల్ వ్యవహారం. సెప్టెంబరు 10న చార్లీ కిర్క్ అనే రాజకీయ ప్రచారకుడు హత్యకు గురైనాడు. ఆ హత్యనుంచి రాజకీయ లాభం పిండుకుంటున్నారని అధ్యక్షుని అనుయాయులను కిమ్మెల్ విమర్శించాడు. ఆ విమర్శ తప్పుదారి పట్టించేదని ప్రత్యర్థులు ఆగ్రహించారు. సెప్టెంబరు 17న ప్రసారాల నియంత్రణ కమిషన్ అధ్యక్షుడే బహిరంగంగా హెచ్చరిక జారీచేశాడు. అనేక స్థానిక కేంద్రాలు చేతిలో ఉన్న నెక్స్‌స్టార్, సింక్లెయిర్ సంస్థలు ఆ కార్యక్రమాన్ని ప్రసారం చేయబోమన్నాయి. నెక్స్‌స్టార్‌కు అప్పుడొక పెద్ద కొనుగోలు విషయంలో అదే కమిషన్ అనుమతి కావలసి ఉన్నది. ఆ సాయంత్రమే ఎ.బి.సి. కిమ్మెల్‌ను నిరవధికంగా నిలిపివేసింది. అయితే దేశమంతటా నిరసన లేచింది. సెప్టెంబరు 23న ఆయన తిరిగి తెరమీదికి వచ్చాడు.

రైసినా రోడ్డులోని ప్రెస్ క్లబ్బులో ఆ రోజుల్లో ఒక పెద్దమనిషి, “మనకు స్వేచ్ఛాపాఠాలు చెప్పిన దేశం గతి చూశారా?” అని సంతోషపడ్డాడు. పొరుగింటి పైకప్పు కురిస్తే మన ఇంటికి రక్షణ కలుగుతుందా? మనం చూడవలసింది వారి పతనాన్ని కాదు, ఆ ఆరు రోజులను. ఆరు రోజులలో అక్కడ ప్రేక్షకులు చందాలు రద్దు చేసుకున్నారు. తోటి హాస్యగాళ్లు పోటీని మరచి ఒక్కటిగా నిలబడ్డారు. అధ్యక్షుని పార్టీలోనే కొందరు కమిషన్ అధ్యక్షుని బెదిరింపును తప్పుపట్టారు. అటువంటి ఆరు రోజులు మన దేశంలో ఎప్పుడైనా వచ్చాయా అన్నది నన్ను వేధిస్తున్న ప్రశ్న.

దూరదర్శన్ నాటి నవ్వు

మనకు ఈ సంప్రదాయం లేదనుకోవడం పొరపాటు. 1948లో ‘శంకర్స్ వీక్లీ’ని ఆవిష్కరిస్తూ, తనను సైతం విడిచిపెట్టవద్దని ప్రధాని నెహ్రూ వ్యంగ్యచిత్రకారుడు శంకర్‌ను కోరారు. శంకర్ ఆ మాటను అక్షరాలా పాటించాడు. ఆ పత్రిక 1975 ఆగస్టులో, అత్యవసర పరిస్థితి విధించిన రెండు నెలలకు, మూతపడింది. పార్లమెంటులో పీలూ మోడీ వంటి సభ్యులుండేవారు. ప్రతిపక్షాలన్నిటి వెనుక విదేశీ హస్తమున్నదని పాలకపక్షం ఆరోపిస్తున్న రోజుల్లో, తాను సి.ఐ.ఎ. ఏజెంటునని రాసిన పలకను మెడలో తగిలించుకొని ఆయన సభకు వచ్చాడు. వంద ఖండన ప్రకటనలు చేయలేని పనిని ఆ అట్టముక్క చేసింది.

1989లో నేను ఢిల్లీకి కొత్త. కరోల్‌బాగ్‌లో ఒక ఇంటిమీది బర్సాతీలో అద్దెకుండేవాణ్ణి. ఇంటి యజమాని ఒక కేంద్ర ప్రభుత్వ శాఖలో సెక్షన్ ఆఫీసరు. ఆ యేడు దూరదర్శన్‌లో జస్పాల్ భట్టీ ‘ఫ్లాప్ షో’ వచ్చింది. మొత్తం పది భాగాలే. అయినా ఆ వేళకు వాడవాడంతా టెలివిజన్ ముందు చేరేది. భట్టీ విద్యుత్ ఇంజనీరుగా చదువుకున్నవాడు. చండీగఢ్‌లోని ‘ట్రిబ్యూన్’ పత్రికకు వ్యంగ్యచిత్రాలు వేసినవాడు. శిష్యుని చేత ఇంటి చాకిరీ చేయించుకునే పరిశోధనా ఆచార్యులు, దొంగ వైద్య బిల్లులతో జీతానికి జోడింపు చేసుకునే ఉద్యోగులు, బాధ్యతలేని వైద్యులు అందరూ ఆయన తెరమీద ఊరేగారు. వైద్య బిల్లుల భాగం చూసినప్పుడు మా యజమాని మొదట గట్టిగా నవ్వాడు, తరువాత చిన్నగా నవ్వాడు, చివరికి లేచి మంచినీళ్లకు వెళ్లాడు. మర్నాడు పొద్దున మెట్ల దగ్గర నన్ను ఆపి, “రావ్ సాబ్, ఆ సర్దార్జీ మా సెక్షన్‌లో ఎప్పుడు పనిచేశాడో కనుక్కోవాలి” అన్నాడు. 

ఒక మంచి వ్యంగ్యం చేయగలిగిన పని అదే. అది మా యజమానిని అవమానించలేదు, జైలుకు పంపలేదు. ఒక్క రాత్రి అద్దంలో చూసుకునేటట్లు చేసింది. ప్రతిపక్షాలు దూరదర్శన్‌ను ‘రాజీవ్ దర్శన్’ అని ఎగతాళి చేస్తున్న రోజులవి. పేరుపెట్టి ప్రధానిని అనే సాహసం ‘ఫ్లాప్ షో’లో లేదు. అయినా ప్రభుత్వ యంత్రాంగాన్ని ప్రభుత్వ తెరమీదనే నవ్వులపాలు చేయడానికి అనుమతి లభించింది. 2012 అక్టోబరులో రోడ్డు ప్రమాదంలో మరణించిన భట్టీకి మరుసటి యేడు పద్మభూషణ్ ప్రకటించారు. మనం విదూషకులను పోయిన తరువాత బాగా గౌరవిస్తాం.

ప్రైవేటు ఛానెళ్లు వచ్చిన తరువాత ద్వారాలు ఇంకా తెరుచుకుంటాయని ఆశించాం. కొంతకాలం తెరుచుకున్నాయి. 1997లో సోనీలో మొదలైన ‘మూవర్స్ అండ్ షేకర్స్’లో శేఖర్ సుమన్ వాజ్‌పేయి ప్రసంగశైలిని అనుకరించి దేశాన్ని నవ్వించాడు. ఎన్.డి.టి.వి. హిందీ ఛానెల్లో ‘గుస్తాఖీ మాఫ్’ తోలుబొమ్మలాటను తలపింపజేస్తూ నాయకులను బొమ్మలుగా ఆడించింది. సి.ఎన్.ఎన్.-ఐ.బి.ఎన్.లో సైరస్ బ్రోచా నడిపిన వారాంతపు కార్యక్రమానికి పేరే ఆనాటి బి.బి.సి. పేరుకు ప్రతిధ్వని. ఇవన్నీ గొప్పవని నేననను. కాని వార్తలు చెప్పే ఇంటిలోనే ఆ వార్తలను చూసి నవ్వే గది కూడా ఒకటి ఉండేది. ఆ గదికి తాళం పడిన తేదీ ఎవరూ ప్రకటించలేదు. అటువంటి తాళాలు చప్పుడు కాకుండానే పడతాయి.

మూడు తాళాలు

తాళాలు మూడు రకాలు. మొదటిది చట్టం. కేబుల్ టెలివిజన్ ప్రసారాలకు 1994 నియమాలలో ఒక కార్యక్రమ నియమావళి ఉన్నది. అశ్లీలం, పరువునష్టం కూడదన్నంతవరకు ఎవరికీ అభ్యంతరం లేదు. కాని సూచనప్రాయమైన ఎత్తిపొడుపులు, అర్ధసత్యాలు కూడ కూడవని అందులో ఉన్నది. ఏ వ్యక్తినైనా విమర్శించడం సైతం నిషిద్ధాల జాబితాలో చేరింది. ధ్వనియే కావ్యానికి ఆత్మ అన్న ఆనందవర్ధనుడు ఈనాడు ఛానెలు నడిపి ఉంటే సంజాయిషీ నోటీసు అందుకోవలసి వచ్చేది. ఈ నియమాన్ని ప్రతిరోజూ ప్రయోగించరు. ప్రయోగించవచ్చునన్న ఎరుక చాలు.

రెండవ తాళం యాజమాన్యం చేతిలో ఉన్నది. 2020 ఫిబ్రవరిలో అధ్యక్షుడు ట్రంప్ భారత పర్యటనకు వచ్చే ముందు, జాన్ ఆలివర్ అమెరికాలోని తన కార్యక్రమంలో ప్రధాని మోడీ పాలనమీద ఒక తీవ్రమైన భాగం ప్రసారం చేశాడు. ఆ కార్యక్రమాన్ని మన దేశంలో అందిస్తున్న హాట్‌స్టార్‌లో ఆ భాగం కనిపించలేదు. ప్రభుత్వం ఆజ్ఞ ఇచ్చినట్లు ఎవరూ చెప్పలేదు. ఆజ్ఞ అవసరం కూడా కలగలేదు. అదే భాగం యూట్యూబ్‌లో దొరికింది గనుక లక్షలాదిమంది చూడనే చూశారు. అంతకు మూడేళ్ల ముందు, 2017లో, శ్యామ్ రంగీలా అనే రాజస్థానీ యువకుడు స్టార్ ప్లస్ హాస్య పోటీలో ప్రధాని గొంతును అనుకరించాడు. ఆ ప్రదర్శన ప్రసారం కాలేదు. బయటికి పొక్కిన ఆ దృశ్యమే అతనికి దేశవ్యాప్తంగా పేరు తెచ్చింది. అదే పోటీ తొలి రోజులలో పాల్గొన్న భగవంత్ మాన్ 2022 మార్చిలో పంజాబ్ ముఖ్యమంత్రి అయ్యారు. ఒకే వేదిక ఒకరికి ముఖ్యమంత్రి పీఠంవరకు దారి చూపింది. మరొకరికి తెర వేసింది.

మూడవ తాళం గుంపు చేతిలో ఉన్నది. ఇదే అన్నిటికంటె భయంకరమైనది. 2021 జనవరి 1న ఇందోర్‌లో మునావర్ ఫారూఖీ అనే హాస్యగాణ్ణి, అతను ఆ సాయంత్రం చెప్పనైనా చెప్పని పరిహాసాల పేరుమీద అరెస్టు చేశారు. సుప్రీంకోర్టు బెయిలిచ్చేవరకు అతను నెలకు పైగా జైలులో ఉన్నాడు. 2022 ఆగస్టులో హైదరాబాదు శిల్పకళావేదికలో అతని ప్రదర్శనను అడ్డుకుంటామని బెదిరింపులు వచ్చినా, తెలంగాణ పోలీసులు పెద్ద బందోబస్తు పెట్టి జరిపించారు. కొద్ది రోజులకే రాజధాని నగరంలోని పోలీసులు అతని ప్రదర్శనకు అనుమతి నిరాకరించారు. రాష్ట్రం చేయగలిగిన పనిని రాజధాని చేయలేకపోయిందా, చేయదలచలేదా? 2025 మార్చిలో ముంబైలో కునాల్ కామ్రా ఒక పేరడీ పాటలో ఉపముఖ్యమంత్రి షిండేను వెక్కిరించాడని, ఆయన పార్టీ కార్యకర్తలు ఆ ప్రదర్శన చిత్రీకరించిన వేదికను ధ్వంసం చేశారు. మరుసటి రోజే నగరపాలక సంస్థ సుత్తులతో వచ్చి అక్కడ అక్రమ కట్టడాలున్నాయని పడగొట్టింది. గుంపు వదిలిన పనిని ప్రభుత్వ సిబ్బంది పూర్తిచేస్తే, సామాన్యునికి ఈ రెండింటికీ తేడా ఎలా తెలుస్తుంది?

సరిహద్దులకు ఆవల

మన పొరుగుదేశాల అనుభవం గమనించదగినది. పాకిస్తాన్‌లో 2002 తరువాత ప్రైవేటు ఛానెళ్లు వచ్చాక రాజకీయ వ్యంగ్యం వెల్లువెత్తింది. జియోలో యూనస్ బట్ రాసిన ‘హమ్ సబ్ ఉమీద్ సే హైఁ’, 2009నుంచి దునియా న్యూస్‌లో ‘హస్బె హాల్’ ఇంటింటి కార్యక్రమాలయ్యాయి. ‘హస్బె హాల్’లో అజీజీ పాత్ర ధరించిన సొహైల్ అహ్మద్ పంజాబీ రంగస్థలం నుంచి వచ్చినవాడు. పెళ్లిళ్లలో, దర్బారులలో పెద్దలను వారి ముఖంమీదనే ఎగతాళి చేసి బహుమతి పుచ్చుకునే భాండుల సంప్రదాయం రెండు పంజాబులకూ ఉమ్మడి ఆస్తి. మన భట్టీలోనూ, వారి అజీజీలోనూ పలికింది ఆ గొంతే. 2007 నవంబరులో ముషారఫ్ అత్యవసర పరిస్థితి విధించినప్పుడు ప్రైవేటు వార్తా ఛానెళ్లను తీగలమీదనుంచి తొలగించారు. తిరిగి వచ్చాక కూడా అక్కడి నవ్వుకు ఒక అలిఖిత సరిహద్దు ఉన్నది: రాజకీయవాదిని ఎంతైనా అనవచ్చు, సైనిక దుస్తుల దగ్గరకు వచ్చేసరికి గొంతు తగ్గుతుంది. ఎవరిని చూసి నవ్వకూడదో తెలుసుకుంటే ఆ దేశాన్ని నిజంగా పాలించేదెవరో తెలిసిపోతుంది.

నేపాల్‌లో గాయీజాత్రా అనే పండుగ ఉన్నది. కొడుకును పోగొట్టుకున్న రాణిని ఓదార్చడానికి ప్రతాప మల్లుడు ప్రజలను హాస్యవేషాలతో ఊరేగమన్నాడని కథ. పార్టీలపైన నిషేధమున్న పంచాయతీ వ్యవస్థలో సైతం, ఆ పండుగ సందర్భంగా రాజ్యాన్ని ఎగతాళి చేయడానికి కొంత వెసులుబాటు దొరికేది. మదనకృష్ణ శ్రేష్ఠ, హరివంశ ఆచార్య జంట ఆ వేదికలమీదనే జనానికి దగ్గరైంది. పాత రాజులకు తెలిసిన ఈ రహస్యం కొత్త ప్రజాపాలకులకు తెలియలేదు. 2025 సెప్టెంబరులో, నాయకుల పిల్లల విలాసాలను యువకులు ఫోన్లలో చిన్న చిన్న చిత్రాలతో ఎగతాళి చేస్తున్న సమయంలో, ఓలీ ప్రభుత్వం 26 సామాజిక మాధ్యమాలను ఒక్కసారిగా మూసివేసింది. సెప్టెంబరు 8న వీధులలో 19 మంది చనిపోయారు. మర్నాడు ప్రధాని రాజీనామా చేశాడు. ఆ ఉద్యమానికి అవినీతి, నిరుద్యోగం వంటి లోతైన కారణాలున్నాయి. కాని ఆవిరి పోయే రంధ్రాన్ని మూసి కుండ బద్దలైందని ఆశ్చర్యపోవడం వివేకం కాదు.

మన సంగతి

తెలుగువారికి ఈ విద్య కొత్తది కాదు. బుర్రకథలో కథకునికి ఇరువైపులా ఇద్దరు వంతలుంటారు. ఒకరిది హాస్యం, మరొకరిది రాజకీయం. ఈ పని విభజనలోనే మన పెద్దల తెలివి ఉన్నది. కథ ఏదైనా సరే, వర్తమానంమీద ఒక విసురు పడవలసిందే. ఆ విసురు తగలబట్టే అటు మద్రాసు ప్రభుత్వమూ, ఇటు నిజాం ప్రభుత్వమూ బుర్రకథలను నిషేధించాయి. పాశ్చాత్యులు స్టూడియోలు కట్టి సాధించినదానిని మన కళాకారులు ఒక తంబురా, రెండు డక్కీలతో సాధించారు. 

వి6 ఛానెల్లో ‘తీన్మార్ వార్తలు’ తెలంగాణ పలుకుబడిలో వార్తను వ్యంగ్యంగా చెప్పినప్పుడు జనం ఎందుకు అంతగా ఆదరించారు? తెరమీద అంతవరకు ఎగతాళికి మాత్రమే వాడుకున్న యాస, మొదటిసారి ఎగతాళి చేసే అధికారాన్ని సంపాదించుకున్నది. బిత్తిరి సత్తి అమాయకంగా అడిగిన ప్రశ్నలలో కొన్ని మేము విలేఖరుల సమావేశాలలో అడగవలసినవి. ఆ కార్యక్రమంతో పేరు తెచ్చుకున్న మల్లన్న 2024 జూన్‌లో పట్టభద్రుల స్థానంనుంచి శాసనమండలికి ఎన్నికైనాడు. నవ్వించేవాడు ఓట్లు అడగడం మొదలుపెడితే అతని నవ్వుకు పాత నిష్పాక్షికత ఉంటుందా అన్న సందేహం న్యాయమైనదే. మల్లన్నకూ, మాన్‌కూ, ఇంకెవరికైనా అది వర్తిస్తుంది. విదూషకుడు సింహాసనమెక్కితే అతన్ని చూసి నవ్వడానికి మరొక విదూషకుడు కావాలి.

హాస్యగాళ్లందరూ సత్యసంధులని నేను వాదించడం లేదు. కులాన్నీ, స్త్రీనీ, శరీరలోపాన్నీ గేలిచేసి చప్పట్లు కొట్టించుకునేవారు బోలెడుమంది ఉన్నారు. వారిని ఏ ఛానెలూ ఆపదు, ఏ గుంపూ కొట్టదు. రాజును చూసి నవ్వడం వ్యంగ్యం. రాజు పక్కన నిలబడి బంటును చూసి నవ్వడం వెక్కిరింత. మన తెరలమీద రెండవదానికి లోటు లేదు. మరొక అభ్యంతరం కూడా ఉన్నది: ప్రజల కోపాన్ని ఈ కార్యక్రమాలు నవ్వులో కరిగించివేస్తాయనీ, రాత్రి నవ్వుకున్నవాడు పొద్దున ఏమీ చేయడనీ అంటారు. ఇందులో సత్యం లేకపోలేదు. ఇన్నేళ్లు నవ్వినా అమెరికా ఓటరు తనకు తోచినట్లే ఓటు వేశాడు. నవ్వు ప్రభుత్వాలను కూల్చదు. కాని పాలకుడు తనను తాను దేవుడనుకోకుండా చేస్తుంది. ప్రజ అతన్ని దేవుడనుకోకుండా చేస్తుంది. ప్రజాస్వామ్యంలో ఇది చిన్న సేవ కాదు.

2025 మార్చి 28న సుప్రీంకోర్టు, ఒక పార్లమెంటు సభ్యుడు వినిపించిన కవితమీద గుజరాత్ పోలీసులు పెట్టిన కేసును కొట్టివేస్తూ, కవిత్వం, నాటకం, సినిమాలతోపాటు వేదికమీది హాస్యాన్నీ, వ్యంగ్యాన్నీ కూడా పేర్కొని, అవి మానవజీవితాన్ని అర్థవంతం చేస్తాయని చెప్పింది. ఇటువంటి కేసులలో పోలీసులు ముందుగా ప్రాథమిక విచారణ జరపడం మంచిదని సూచించింది. ముంబైలో వేదిక ధ్వంసమై అప్పటికి ఐదు రోజులు. తీర్పు రాజధానిలో వెలువడింది. అది ఠాణాలవరకు నడిచిపోవడానికి ఎన్నేళ్లు పడుతుందో చూడాలి.

నా వంతుగా మూడు విషయాలు మనవి చేస్తాను. కార్యక్రమ నియమావళినుంచి ఎత్తిపొడుపులనూ, వ్యక్తి విమర్శనూ నిషేధించే మాటలను తొలగించాలి. పరువునష్టానికి వేరే చట్టం ఉండనే ఉన్నది. ప్రదర్శనకు బెదిరింపు వచ్చినప్పుడు పోలీసులు ఆపవలసింది బెదిరించినవాణ్ణి, ప్రదర్శించేవాణ్ణి కాదు. 2022లో హైదరాబాదులో అది సాధ్యమైంది గనుక ఎక్కడైనా సాధ్యమే. ఇక దూరదర్శన్ సంగతి. ప్రజల డబ్బుతో నడిచే ఆ సంస్థకు ప్రకటనకర్తల భయం తక్కువ. 1990 నాటి ప్రసారభారతి చట్టం దానికి స్వయంప్రతిపత్తిని వాగ్దానం చేసింది. వారానికి ఒక రాత్రి అరగంటపాటు ఆ వాగ్దానాన్ని పరీక్షించుకోవచ్చు. 1989లో చేయగలిగినదానిని ఈనాడు చేయలేకపోవడానికి కారణమేమిటో ఎవరైనా పార్లమెంటులో అడగాలి.

చివరగా మా వృత్తివారికి ఒక మాట. హాస్యగాణ్ణి అరెస్టు చేసినప్పుడు దానిని వినోదపు పేజీలో వేసి చేతులు దులుపుకుంటున్నాం. అతను చేస్తున్నది మనం వదిలిన పని. నిన్నటి మాటనూ, నేటి మాటనూ పక్కపక్కన పెట్టి చూపడానికి నవ్వించే శక్తి అక్కరలేదు. గుర్తుంచుకునే శక్తి ఉంటే చాలు. సంస్కృత నాటకంలో విదూషకునికి రాజు పక్కనే చోటుంటుంది. అతన్ని బయటికి గెంటిన దర్బారులో మిగిలేది వందిమాగధులే. రాత్రి తొమ్మిది గంటలకు మా కాలనీ కిటికీలలోనుంచి వినిపించే కేకలు వారివే.